బీరు ఫ్రిజ్‌లో కవరు

పదకొండో భాగం

ఇంతవరకూ జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా కుటుంబ చరిత్రకు అంతకన్నా చోటు అక్కర్లేదు. ఈరీ సరస్సు ఒడ్డున మా ఊరు, ఊరికొక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, దాని పేరు టగ్స్. రేవులో పెద్ద ఓడల్ని లాక్కొచ్చే పడవల పేరు పెట్టుకున్నారు గానీ, నలభై ఏళ్ళుగా ఈ జట్టును లాక్కొస్తున్నది మేమే. మా నాన్న కాజిమిర్ పేరు మీద స్టేడియంలో ఏటా డబ్బు కట్టి నిలుపుకునే రెండు సీట్లుండేవి. పద్దెనిమిదో ఏట నుంచి పన్నెండేళ్ళపాటు ఆయన పక్క సీట్లో మంచు దులుపుకుంటూ కూర్చున్నది నేను. ఆయన ఆసుపత్రిలో పోయాక చూస్తే, సీట్లు నా చెల్లెలు ఐరీన్ మొగుడు రోలీ పేరు మీద ఉన్నాయి. ఆ వారమే నేను టికెట్ల ఆఫీసుకు వెళ్ళి వెయిటింగ్ లిస్టులో బెర్నీస్ అని పేరు రాయించుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఫోన్ నంబరు మారినప్పుడు మాత్రం ఆఫీసుకు తెలియజేశాను. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మొన్న గురువారం ఫోన్‌కు కబురొచ్చింది: ‘మీ వంతు వచ్చింది, రెండు సీట్లు ఖాళీ అయ్యాయి, సోమవారం సాయంత్రం ఐదులోగా ఒప్పుకోకపోతే తర్వాతివారికి పోతాయి.’ ఎక్కడి సీట్లో చూడాలంటే ఇంకో బటన్ నొక్కాలి. నేను నొక్కలేదు. ఫోన్ సంచిలో పడేసుకుని, శనివారం మధ్యాహ్నం, నాన్న ఇంట్లోనే ఉంటున్న రోలీ గ్యారేజీకి వెళ్ళాను.

ఆగస్టు మొదటి శనివారం మా వాళ్ళకు ఎంత పవిత్రమో చెప్పలేను. ఆ రోజు మొదటి ప్రాక్టీసు మ్యాచ్ ఉంటుంది. దానికి పాయింట్లుండవు, లెక్కలోకి రాదు, అసలు ఆటగాళ్ళు మైదానం పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే, రెండు వారాల్లో ఉద్యోగం పోగొట్టుకోబోయేవాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతుంటారు. దాన్ని చూడటానికి రోలీ గ్యారేజీలోంచి కారు బయటికి తీసి, నేల కడిగి, జెండా కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తాడు. జనవరి నుంచి ఆ మనిషి బతుకుతున్నది ఈ రోజు కోసమే. ఏప్రిల్‌లో కూతురు ఫోన్ చేసి మనవరాలు నడుస్తోందని చెబితే, “మంచిదే, మన కొత్త క్వార్టర్‌బ్యాక్ పరుగు చూశావా?” అన్నాడట. ఐరీన్ ఆ మాట నాకు నవ్వుతూ చెప్పింది. అందులో నవ్వడానికి ఏముందో నాకిప్పటికీ తెలియదు.

నేను వెళ్ళేసరికి రోలీ స్టూలెక్కి గోడ మీద పెన్సిల్‌తో రాస్తున్నాడు. వయసు అరవై రెండు, పొట్ట మీద నలభై నాలుగో నంబరు జెర్సీ, బట్టతల మీద నారింజ రంగు టోపీ. ఆ గోడ మీద ఏటా ఆగస్టులో తన జోస్యం రాస్తాడు. పదిహేడు మ్యాచుల్లో ఎన్ని గెలుస్తాం, ఎన్ని ఓడతాం అని. ఏటా ఒకటే అంకె: పద్నాలుగు గెలుపులు, మూడు ఓటములు. కిందటేడు మూడు గెలిచి పద్నాలుగు ఓడారు. “అంకెలు సరిగ్గానే చెప్పాను కదా, వరస మాత్రం తారుమారైంది” అని నెల రోజులపాటు ఊరంతా చెప్పుకు తిరిగాడు. సిగ్గు లేకపోవడం కూడా ఒక ఆరోగ్యమే అనుకుంటాను. మనిషికి ఇంతవరకూ తలనొప్పి రాలేదు.

“రా వదినా, రా! సరిగ్గా టైముకొచ్చావు. ఈసారి మనదే,” అన్నాడు స్టూలు దిగుతూ.

“కిందటిసారి ఎవరిది?”

“కిందటిసారి దెబ్బలు తగిలాయి మనవాళ్ళకి. ముందు వరసలో కాచే ఇద్దరు లైన్‌మెన్ మోకాళ్ళు పోయాయి. కోచ్‌కి బుర్ర లేదు. ఇప్పుడు కోచ్ మారాడు, కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. వాడి చెయ్యి చూశావా? బంతిని అరవై గజాలు విసురుతాడు!”

“ఎవరి చేతిలోకి?”

పక్కింటి లెస్టర్ కుర్చీలోంచి పగలబడి నవ్వాడు. రోలీ వాడివైపు ద్రోహిని చూసినట్టు చూశాడు.

“నీకు అర్థం కాదులే వదినా. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం. కిందపడ్డా లేస్తామనేవాళ్ళకే ఈ ఆట.”

“ముప్పై ఏళ్ళ నుంచి కిందే పడున్నారు కదా రోలీ. అది పడటం కాదు, పడకేయడం.”

ఐరీన్ వంటింట్లోంచి పిరోగీల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పిండిలో బంగాళాదుంప కూరి మడిచిన పిరోగీలు, వేయించిన ఉల్లిపాయలు, పొగబెట్టిన సాసేజీ. పొద్దున ఐదింటి నుంచి పిండి పిసుకుతున్నట్టు చేతులే చెబుతున్నాయి. నా చెల్లెలు ముప్పై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆ స్టేడియంలో అడుగు పెట్టలేదు. రెండో సీట్లో లెస్టరో, రోలీ తమ్ముడో, ఎవరూ దొరక్కపోతే రోలీ కోటో కూర్చునేది. అవును, కోటు. పెళ్ళాం ఇంట్లో ఉంటే పక్క సీట్లో కోటును కూర్చోబెట్టుకున్న మనిషి ఇతను. ఐరీన్ మీద నాకు జాలి ఉందని అనుకునేరు. ఏమీ లేదు. తొక్కించుకునేవాళ్ళు లేకపోతే తొక్కేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు?

“తిను అక్కా, చల్లారిపోతాయి,” అంది. అంతే, మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

ఒంటిగంటకు టీవీలో బంతి తన్నారు. రోలీ వెంటనే లేచాడు. లెస్టర్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఇక అసలు పూజ మొదలు.

పంతొమ్మిదేళ్ళ కిందట జట్టు ఆఫీసు పంపిన టికెట్ల కవరు పొరపాటున కిరాణా సామానుతోపాటు గ్యారేజీలోని బీరు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయింది. రోలీ దాన్ని ఆగస్టులో బీరు డబ్బాల వెనకాల కనుక్కున్నాడు. ఆ ఏడు టగ్స్ పదకొండు మ్యాచులు గెలిచారు. ఇక చెప్పేదేముంది? అప్పటి నుంచి ఆ కవరు ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మొదటి ప్రాక్టీసు మ్యాచ్‌లో బంతి తన్నేదాకా తెరవకూడదు, వెలుతురుకు పట్టి చూడకూడదు, దాని గురించి మాట్లాడకూడదు. తర్వాత పద్దెనిమిదేళ్ళలో ఆ మంత్రం ఒక్కసారి కూడా పని చేయలేదు. మంత్రం తప్పని రోలీకి ఒక్కసారి కూడా తోచలేదు. ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి, అయినా పాత సభ్యులకు ఏటా ఒక కవరు, అందులో ఒక కార్డు, కారుకు అంటించుకునే బొమ్మ పంపుతారు. దాని కోసమే ఈ తతంగమంతా.

ముప్పై నాలుగేళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాను నేను. జనం ఉత్తరాలను ఏం చేస్తారో నాకు తెలుసు. చింపేస్తారు, తగలబెడతారు, కుక్కకు వేస్తారు. ఫ్రిజ్‌లో పెట్టి దండం పెట్టే మనిషిని మాత్రం ఇతన్నొక్కణ్ణే చూశాను.

రోలీ ఫ్రిజ్ తెరిచి, బీరు డబ్బాలు పక్కకు జరిపి, కవరును రెండు చేతులతో బయటికి తీశాడు. తడిసి మెత్తబడింది. జేబులోంచి చాకు తీసి జాగ్రత్తగా అంచు కోశాడు.

“పద్నాలుగు-మూడు,” అన్నాడు కళ్ళు మూసుకుని.

“పద్నాలుగు-మూడు,” అన్నాడు లెస్టర్.

లోపలి నుంచి కార్డు రాలేదు. బొమ్మ రాలేదు. మడత పెట్టిన కాగితాలు రెండు వచ్చాయి. రోలీ ఒకటి విప్పి చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ చదువుతాడు ఇతను. కాసేపటికి పెదాలు ఆగిపోయాయి.

“ఏంట్రా?” అన్నాడు లెస్టర్.

 నేను లేచి, ఆ కాగితం అతని చేతిలోంచి లాక్కుని చదివాను. మార్చి మూడో తేదీ నాటి ఉత్తరం. సీట్ల నిబంధనలు మారాయి, పాత సభ్యులంతా జతచేసిన ఫారం మీద కొత్తగా సంతకం చేసి మే ముప్పై ఒకటిలోగా పంపాలి, పంపనివారు సీట్లు వదులుకున్నట్టే, కట్టిన బయానా బ్యాంకుకు తిరిగొస్తుంది, సీట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి ఇస్తాం. రెండో కాగితం ఆ ఫారం. ఖాళీగా ఉంది.

“ఇది మార్చిలో వచ్చిందా?” అన్నాను.

“మార్చిలోనే,” అన్నాడు గాలి తీసిన గొంతుతో. “ఈసారి తొందరగా పంపారు, శుభమే అనుకున్నాను.”

“ఆఫీసువాళ్ళు ఫోన్ చేయలేదా?”

“చేశారు. ఏప్రిల్‌లో రెండుసార్లు స్టేడియం నంబరు కనబడింది. ఎత్తలేదు.”

“ఎందుకు ఎత్తలేదు?”

“సీజన్‌కి ముందు వాళ్ళతో మాట్లాడితే మంచిది కాదు వదినా.”

లెస్టర్ టోపీ నెత్తిన పెట్టుకుని, ఇంట్లో ఏదో పనుందని గొణిగి, గేటు దాటి వెళ్ళిపోయాడు. మునిగే పడవ దిగడంలో వాడికి సాటి లేదు. వెళ్తూ వెళ్తూ సాసేజీ ముక్క ఒకటి చేత పట్టుకుపోయాడు.

రోలీ ఒక్కసారిగా వంటింటి వైపు తిరిగి అరిచాడు.

“ఐరీన్! ఐరీన్, ఇలా రా! ఇంటికొచ్చిన ఉత్తరాలు చూసుకునేది నువ్వు కాదూ? ఇంత పెద్ద విషయం నీకెలా తెలియలేదు?”

ఐరీన్ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. చేతులకు పిండి ఉంది. “కవరు ముట్టుకోవద్దన్నావుగా,” అంది మెల్లగా.

“బ్యాంకులో డబ్బు తిరిగి పడితే అనుమానం రాలేదా నీకు?”

ఆమె తన పిండి చేతులు చూసుకుంది. నాకు మాత్రం నెత్తికెక్కింది.

“చాల్లే ఆపు రోలీ! అయిదు నెలలు ఉత్తరాన్ని బీరు పక్కన పడుకోబెట్టింది నువ్వు. ఇప్పుడు పెళ్ళాం మీద పడి ఏడుస్తావేం? చిన్నపిల్లలు కూడా పుట్టినరోజు కవర్లు వచ్చిన రోజే చింపుకుంటారు. నీకు ఫుట్‌బాల్ పిచ్చి కాదు, బుర్ర లేదు. రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్ళూ ఊళ్ళో గొప్పగా తిరిగావు!”

“నువ్వు మాట్లాడకు వదినా!” అతని మొహం టోపీ రంగుకు తిరిగింది. “నీకెప్పుడూ ఈ జట్టంటే పడదు. ఏటా వచ్చి నా తిండి తిని, నా టీవీ చూసి, నన్ను ఎగతాళి చేసి వెళ్తావు. ఆట గురించి నీకేం తెలుసు? మీ నాన్న తెలివైన మనిషి. అందుకే ఆ సీట్లు నీకివ్వలేదు. నాకిచ్చాడు!”

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట అతను బయటికి అనడం అదే మొదటిసారి. నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. టీవీలో మనవాళ్ళు బంతి జారవిడిచారు. రోలీ అలవాటు కొద్దీ అటు తిరిగి “అయ్యో” అన్నాడు. ఆ క్షణంలో అతన్ని నేను అసహ్యించుకున్నంతగా ఇంకెవర్నీ అసహ్యించుకోలేదు.

సంచిలోంచి ఫోన్ తీశాను. గురువారం నొక్కని బటన్ నొక్కాను. తెర మీద స్టేడియం పటం వచ్చింది, అందులో రెండు చుక్కలు నారింజ రంగులో వెలుగుతున్నాయి. సెక్షన్ నూట పద్దెనిమిది, తొమ్మిదో వరస, అయిదు, ఆరు. అయిదులో నాన్న, ఆరులో నేను. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

“ఎందుకు నవ్వుతున్నావు?” అన్నాడు రోలీ.

“చూడు.”

ఫోన్ అతని మొహం ముందు పెట్టాను. మళ్ళీ పెదాలు కదిలాయి, మళ్ళీ ఆగిపోయాయి.

“ఇది... నీకెలా వచ్చింది?”

“లిస్టులో నిలబడ్డాను. ఇరవై తొమ్మిదేళ్ళు. నువ్వు కోటును కూర్చోబెట్టుకున్న సీటు కోసం.”

అతను నెమ్మదిగా ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఒక నిమిషం గడిచాక అతని కళ్ళల్లో మళ్ళీ ఆశ పుట్టడం చూశాను. పద్నాలుగు-మూడు అని గోడ మీద రాసే ఆశే అది. మూడు గెలుపులు చూసినా చావని ఆశ, నన్ను చూసి చస్తుందా?

“అయితే సీట్లు ఇంట్లోనే ఉన్నట్టు!” అన్నాడు. “వదినా, నీ పేరు మీదే ఉండనీ. నాకేం పట్టింపు లేదు. నువ్వెలాగూ వెళ్ళవుగా. ఒప్పుకుని నాకు పంపెయ్. ఇద్దరం వెళ్దామన్నా సరే. నేను ఆరులో కూర్చుంటాను, నువ్వు అయిదులో కూర్చో. ఇంకా ఏం కావాలి?”

“ఒక్క మాట కావాలి.”

“చెప్పు.”

“మా నాన్న తప్పు చేశాడను. ఆ సీట్లు నాకు రావాల్సినవని ఒక్కసారి నీ నోటితో అను. ఇప్పుడే ఒప్పేసుకుంటాను.”

అతను అనేస్తాడనుకున్నాను. సీటు కోసం ఈ మనిషి తన తల్లిని కూడా తిడతాడని నా లెక్క. కానీ రోలీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“అనలేను వదినా. ఆయన పోయాడు. ఆయన చేత్తో ఇచ్చిన దాన్ని తప్పు అని ఎలా అంటాను? అలా అంటే ఇన్నాళ్ళూ అక్కడ కూర్చున్నందుకు నాకు సిగ్గేయదూ?”

అతను గనక ఆ మాట అబద్ధానికైనా అని ఉంటే నేను అతన్ని సుఖంగా తిట్టుకుంటూ సీట్లు తీసుకునేదాన్ని. అనకపోవడంతో నాకు ఇంకా మండింది. తెర మీద రెండు గడులున్నాయి. ‘ఒప్పుకుంటున్నాను’ అని ఒకటి, ‘వద్దు’ అని ఒకటి. నా వేలు రెండోదాని మీదికి వెళ్ళింది.

“మంచిది. నాన్న నాకు ఇవ్వనిది ఆఫీసువాళ్ళు ఇస్తే పుచ్చుకునేంత గతిలేనిదాన్ని కాదు నేను. మన పోటీ ఊరు పిట్స్‌బర్గ్ నుంచి ఎవడో వచ్చి కూర్చోనీ ఆ సీట్లలో. నీకు తగిన శాస్తి!”

“వదినా, వద్దు! నీకు దండం పెడతాను!”

టీవీ ఆగిపోయింది.

ఇద్దరం అటు తిరిగాం. ఐరీన్ గోడలోంచి వైరు పీకేసి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మ్యాచ్ నడుస్తుండగా ఆ గ్యారేజీలో టీవీ ఆపిన మనిషి ఇంతవరకూ లేదు. 

“వేలు తియ్యి అక్కా,” అంది ఐరీన్.

“నువ్వు లోపలికెళ్ళు. ఇది నీకు సంబంధించింది కాదు.”

“నాకు సంబంధించిందే.” వైరు బల్ల మీద పెట్టి, చేతులకున్న పిండి ఏప్రన్‌కు తుడుచుకుంది. “ఆ కవరు వచ్చిన రోజే నేను ఆవిరి పట్టి తెరిచాను. చదివాను. మళ్ళీ అతికించి ఫ్రిజ్‌లో పెట్టాను. బ్యాంకు డబ్బు కూడా చూశాను.”

రోలీ కుర్చీలోంచి సగం లేచాడు. “తెలిసి కూడా చెప్పలేదా?”

“చెప్పలేదు.” మొగుడి వైపు చూడను కూడా చూడలేదు. నన్నే చూస్తోంది. “అక్కా, లిస్టులో పేరు రాయించుకున్నప్పుడు నువ్వు ఈ ఇంటి అడ్రసే ఇచ్చావు, నాన్న అడ్రసు. ఆ తర్వాత ఎప్పుడూ మార్పించలేదు. నీ నంబరు కార్డు ఏటా ఈ ఇంటికే వచ్చేది. కిందటి డిసెంబరులో వచ్చిన కార్డు మీద ఒకటో నంబరని ఉంది. ముందు ఎవరు వదులుకున్నా ఆ సీట్లు నీకే వస్తాయని తెలుసు నాకు. అందుకే కవరు అతికించాను.”

ఇరవై తొమ్మిదేళ్ళ నా రహస్యం నా చెల్లెలి సొరుగులో ఉందన్నమాట. ఊరందరి ఉత్తరాలూ సరైన గుమ్మానికి చేర్చి, నా సొంత కార్డులను తప్పుడు గుమ్మానికి పంపుకున్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. సిగ్గు పడ్డప్పుడు నేను చేసే పని ఒకటే, ఎదుటివాళ్ళ మీద అరవడం.

“నా మీద జాలిపడ్డావా? నువ్వా? పక్క సీట్లో కోటుకున్న పాటి విలువ లేని నువ్వు నా మీద జాలిపడతావా? నాకెవరి భిక్షా అక్కర్లేదు ఐరీన్. నాన్నకు నేను అక్కర్లేదు. పన్నెండేళ్ళు పక్కన కూర్చున్నదాన్ని వదిలి, మూడేళ్ళ కిందట వచ్చిన అల్లుడికి రాసిచ్చాడు. ఆ సీట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?”

“జాలి కాదు,” అంది.  “నాన్న ఆసుపత్రి మంచం మీద సీట్లు రాసిచ్చే ఫారం నింపి, పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చాడు. ఈ ముక్క బెర్నీస్‌కి ఇప్పుడే చెప్పకు, సీజన్ మొదలయ్యాక చూసి ఎగిరి గంతేస్తుంది అన్నాడు. అందులో ఉన్న పేరు నీది.”

రోలీ చేతిలోంచి టోపీ కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

“నేను దాన్ని పోస్టులో వెయ్యలేదు. ఆఫీసు నుంచి ఇంకో ఫారం తెచ్చి రోలీ పేరు రాశాను. కింద నాన్న సంతకం నేనే పెట్టాను అక్కా.”